వల్లాడరు వాఙ్మయము: పలుకును వ్రాతయు

స్విట్జర్లండు దేశపుఁ దూర్పుకొనను గ్రిజన్ రాష్ట్రము కలదు. లాటినునుండి పుట్టిన రొమాన్షుభాష యచ్చటి పర్వతలోయలలో వ్యవహరింపఁబడుచున్నది. 2000వ సంవత్సరపు జనగణనమున దీనిని దమకు మిక్కిలి చక్కఁగా వచ్చిన భాషగాఁ జెప్పుకొన్నవారు 35,095 మంది మాత్రమే. అట్టి చిన్నభాషకు వ్రాతరూపము లైదు. అందు వల్లాడరు ఇన్ నదీతీరమునఁ గల దిగువ ఎంగడీనుది. ఇంత కొద్దిమంది కిన్ని వ్రాత లేల యను ప్రశ్నమునకు సమాధానమును వాఙ్మయచరిత్రమున వెదకవలెను.

1560లో యాకిఅం బిఫ్రున్ క్రొత్తనిబంధనను ఎగువ ఎంగడీను భాషయగు పుతేరులోనికిఁ బరివర్తించెను. ఇట్లు పొరుగుభాష గ్రంథస్థమై యుండఁగనే, సుష్ గ్రామజుఁడగు మతబోధకుఁడు దురిచ్ చ్యంపెల్ తన లోయపలుకునఁ గీర్తనలను రచించి 1562లో బాసెలు నగరమున నచ్చొత్తించెను. వల్లాడరున మొదటి ముద్రితగ్రంథ మిదియే. ఇవి చదువుటకు మాత్రమే కాక పాడుటకు వ్రాయఁబడినవి. కావున నక్షరజ్ఞానము లేనివారికిని భాషయొక్క గౌరవరూపము చెవిసోఁకెను. 1679లో వుల్పి, దోర్తా యను నిరువురు సంపూర్ణ బైబిలును ష్కూఒల్ గ్రామమునఁ బ్రకటించిరి. ఈ రెండు గ్రంథములచే లోయపలుకు వాఙ్మయభాష యయ్యెను.

ఎంగడీనునుండి వర్తకమునకై పరదేశములకుఁ బోయి వేసవిని మరలివచ్చువారిని వానకోవెల లని యచ్చటివారు పిలుతురు. పైదర్ లాన్సెల్ (1863–1943) అట్టి కుటుంబమువాఁడు. పీసా నగరమున జన్మించెను. 1910లో 'మూజా లదీనా' యను సంకలనమున ఎంగడీను కవిత్వమును గూర్చెను. ఈతని కవిత్వమున విడిచివచ్చిన యూరిపై మమకారమే ప్రధానము. క్లా బియెర్ట్ 1962లో వెలువరించిన 'లా మ్యుదాదా' యను నవలయందు మాఱుచున్న కర్షకజీవితమే విషయము. స్మృతికిఁ జాలిన భాష వర్తమానమునకును జాలునని నిరూపించుటయే యీ నవలయొక్క విశేషము.

1982లో హైన్రిక్ ష్మిడ్ అను భాషాశాస్త్రజ్ఞుఁడు 'రుమాంచ్ గ్రిషున్' అను నుమ్మడి వ్రాతభాషను గల్పించెను. సుర్సిల్వను, వల్లాడరు, సుర్మిరను అను మూఁడింటిలో నధికసమ్మతమైన రూపమును గ్రహించుట యాతని పద్ధతి. శాసనములకును బ్రభుత్వప్రకటనలకును నిది యుపకరించినది. 'నేను' అను నర్థమున వల్లాడరున 'ఎఉ' అనియు, ఉమ్మడిభాషలో 'యౌ' అనియు వ్రాయుదురు. మ్యుష్టైర్ లోయవారు నోట 'యౌ' అనియే పలుకుదురు. కాని వారి బడులలోఁ బూర్వమునుండి వ్రాయునది వల్లాడరు. ఆ లోయ 2007లో బడులయందు ఉమ్మడిభాషను స్వీకరించి, 2012లో జనాభిప్రాయముచే వల్లాడరునకే మరలెను.

బోధనమందలి చిక్కులును దీనికిఁ గారణములు కావచ్చును. అయినను, తమ నోటిమాటను జూపు వ్రాతను విడిచి, జూపని వ్రాతను వారు వరించుట విచారింపఁదగినది. పలుకునకు దగ్గఱ యగుటయే వ్రాతకుఁ బ్రమాణ మన్నచో నిట్లు జరుగదు. నాలుగున్నర శతాబ్దుల కీర్తనలును, బైబిలును, కావ్యములును ఏ రూపమున నున్నవో యదియే వారికి వ్రాతభాష యయ్యెను. వ్యాకరణము భాషకు నియమమును గూర్చఁగలదు. అధికారమును మాత్రము గ్రంథములే యొసఁగును.