మిద్దె మీద ఎవరి కూర?

మిద్దెతోటల మీద తెలుగులో రాతలు బాగానే వస్తున్నాయి. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదులో తన మిద్దె మీద కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకం చేశాక చాలామంది ఆ దారి పట్టారు. విషం లేని తిండి కావాలనుకోవడంతో నాకు పేచీ లేదు. కానీ ఈ తరహా రాతలు చదువుతుంటే కొన్ని ప్రశ్నలు వదలవు. మిద్దె కావాలంటే సొంతిల్లుండాలి, మరి అద్దెకుండేవాళ్ళు? కుండీలకి నీళ్ళు మోసేదెవరు? కోసిన ఆకుకూర బాగుచేసి వండేదెవరు? 'ప్రకృతి' అనే పెద్దమాట చాటున ఆడవాళ్ళ చాకిరీ మాయమైపోతోంది.

మాటల సంగతీ అంతే. మా నర్సీపట్నం వైపు చోడి అంబలి పేదల తిండి. చోళ్ళు, సామలు, కొర్రలని పుస్తకాలు 'తృణధాన్యాలు' అన్నాయి, అంటే గడ్డిగింజలని. వరన్నం తినడమే మర్యాదైంది. డబ్బున్నవాళ్ళకి షుగరు భయం పట్టుకున్నాక అవే 'సిరిధాన్యాలు'. 2023 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఏకంగా 'శ్రీ అన్న'!

ఈ గింజల్ని విత్తనంతో సహా కాపాడుకున్నది జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు. కలుపని మందుకొట్టి చంపే గునుగు, తుమ్మి వాళ్ళకి కూర. ఏది కలుపో, ఏది కూరో తేల్చే అధికారం ఎవరిదన్నదే అసలు తగువు.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే గొడవలయ్యాయి. ఆరోగ్యకరమైన తిండి గురించి నేను చదివిన వ్యాసాల్లో ఆ కూర ఊసే లేదు.