సువర్ణ నిష్పత్తియు కందపద్యమును

ప్రకృతిలో వంపు కనబడిన ప్రతిచోటను సువర్ణ నిష్పత్తి కలదని వ్రాయుట జనరంజక శాస్త్రరచనలలో పరిపాటియైనది. సముద్రపు గుల్లకును, నదిలోని సుడికిని, పూవునకును 1.618 అను నొకే సంఖ్యను అంటగట్టుచున్నారు. ఈ మాట ఇంపుగనే యుండును గాని, ఇందు పరీక్షకు నిలుచునది కొంతయే. అది యెంతయో తేల్చుట అవసరము.

మొదట గుల్లను చూతము. నాటిలస్ అను సముద్రప్రాణి గుల్ల సర్పిలాకారముగా పెరుగుచు, ఒక చుట్టు తిరుగునప్పటికి సుమారు మూడు రెట్లగును. సువర్ణ సర్పిలమైనచో దాదాపు ఏడు రెట్లు కావలయును. హొగెనకల్లు కడ కావేరి సుడులు క్షణక్షణము మారునవి. వానికి నియతమైన నిష్పత్తియే లేదు.

ఇక పరీక్షకు నిలుచునది చూడుడు. ధర్మపురి సంతలో అనాసపండు నొకదానిని కొని, దాని కన్నుల వరుసలను లెక్కింపుడు. ఒక ప్రక్కకు వాలిన వరుసలు సాధారణముగా 8, రెండవ ప్రక్కకు వాలినవి 13 ఉండును. పొద్దుతిరుగుడు పూవులో గింజల వరుసలు తరచుగా 34, 55. ఈ సంఖ్యలన్నియు 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55 అను శ్రేణిలోనివి. ప్రతి సంఖ్యయు ముందున్న రెండింటి మొత్తము. ముందునకు పోయిన కొలది, ఒక సంఖ్యను దాని వెనుకటి సంఖ్యచే భాగింపగా వచ్చు ఫలము 1.618కి చేరువగును.

దీనికి కారణము కలదు. మొక్క కొనయందు ప్రతి క్రొత్త మొలకయు, మునుపటి మొలకల నడుమ ఖాళీ యెక్కువగా నున్నచోట పుట్టునని 1868లో హాఫ్‌మైస్టర్ చెప్పెను. అందుచే వరుసగా పుట్టిన రెండు మొలకల నడిమి కోణము సుమారు 137.5 డిగ్రీలగును. ఇది వృత్తమును సువర్ణ నిష్పత్తిలో విభజింపగా వచ్చు చిన్న భాగము. 1992లో డువాడీ, కూడే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మొక్కతో పనిలేకయే, అయస్కాంత ద్రవబిందువులతో ఈ కోణమును రాబట్టిరి. అయినను 2016లో ప్రకటితమైన ఒక పరిశీలనలో కొన్ని పొద్దుతిరుగుడు పూలు ఈ సంఖ్యలను పాటింపలేదు. కావున ఇది తరచుగా కనబడు ఫలమే గాని తప్పని శాసనము కాదు.

ఈ శ్రేణిని యూరపులో ఫిబొనాచ్చి 1202లో కుందేళ్ల లెక్కగా చెప్పెను. అంతకు మునుపే మన దేశమున విరహాంకుడును, సుమారు 1150లో హేమచంద్రుడును ఛందస్సులో మాత్రల లెక్కగా చెప్పియుండిరి. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. నాలుగు మాత్రల గణము లఘువుతో ముగిసినచో దానికి ముందు మూడు మాత్రలును, గురువుతో ముగిసినచో రెండు మాత్రలును ఉండును. మూడు మాత్రలకు రూపములు మూడు, రెండింటికి రెండు. కనుక నాలుగింటికి ఐదు. అవి యేవి? గగ, భ, జ, స, నల. కందపద్యమునకు లాక్షణికులు విధించిన గణములు సరిగా ఇవియే!

ఇంతమాత్రమున మన పూర్వులు పూవుల రహస్యము నెరిగియుండిరని చాటుట తగదు. వారు లెక్కించినది మాత్రలను. పైగా మూడు మాత్రలకు రూపములు మూడైనను సూర్యగణములు రెండే: నగణము, హగణము. లఘువు ముందును గురువు వెనుకను గల వగణము అందు చేరలేదు. ఎన్ని రూపములు సాధ్యమో గణితము చెప్పును. వానిలో నేవి గ్రాహ్యమో తెలుగు నడక నిర్ణయించును. లేని గొప్పను అంటగట్టుకొన్నచో ఉన్న గొప్పయు నమ్మరానిదగును.

మన పిల్లలు గణితమును తమిళములోనో ఆంగ్లములోనో చదువుచున్నారు. తెలుగు పద్యము ఇంట పెద్దలు నేర్పిననే వచ్చును. అది పండుగనాటి అలంకారముగా మిగులరాదు. ఇంట కందము నేర్పు పెద్దలు ఈ ఐదు గణములను పలకపై వ్రాసి, నాలుగు మాత్రలలో ఆరవ రూపమును వెదకుమని పిల్లలను అడుగవలయును. అది దొరకదు. ఏల దొరకదో బిడ్డ తానే కనుగొన్ననాడు కందమును గణితమును ఒక్కసారిగా వానికి స్వంతమగును.