హయబుసా మోటారు సైకిలు: గుణదోష విమర్శ

ఒకనాడు యాంత్రిక శాస్త్ర పాఠం ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి నా వద్దకు వచ్చి, "మాస్టారూ! హయబుసా బండి గంటకు 300 కిలోమీటర్లు పోతుందట. విజయవాడ నుంచి విశాఖపట్నం సుమారు 350 కిలోమీటర్లు. అంటే 70 నిమిషాలలో చేరవచ్చు గదా!" అన్నాడు. భాగహారం సరిగానే చేశాడు. ఆ భాగహారంలో విడిచిపెట్టిన అంశాలేమిటో విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

జపాను దేశపు సుజుకి సంస్థ ఈ వాహనాన్ని 1999లో విడుదల చేసింది. దూర ప్రయాణానికి పనికివస్తూనే పందెపు బండ్లతో సమానమైన వేగం గల మోటారు సైకిలుగా ఇది ప్రసిద్ధి పొందింది. ఆనాటి ఇంజను పరిమాణం 1299 ఘన సెంటీమీటర్లు. సామర్థ్యం 175 అశ్వసామర్థ్యాలు. అప్పట్లో అమ్మకానికి వచ్చిన మోటారు సైకిళ్లలో దీనిని మించిన వేగం గలది లేదు. ఈ పోటీ మితిమీరుతున్నదని తయారీదారులే గ్రహించి, 2000 ప్రాంతంలో గంటకు సుమారు 300 కిలోమీటర్ల వద్ద తమకు తామే హద్దు విధించుకున్నారు. 2021లో వచ్చిన మూడవ రూపంలో ఇంజను 1340 ఘన సెంటీమీటర్లు, సామర్థ్యం 190, ఇంధనంతో కలిపి బరువు 264 కిలోగ్రాములు. 2004లో వచ్చిన 'ధూమ్' హిందీ చిత్రంతో దీని పేరు మన కుర్రవాళ్ల నోళ్లలోనూ నానింది.

ముందుగా గుణాలు చెప్పుకొనుట న్యాయం. దీని ముందు తొడుగు, వంగి కూర్చున్న చోదకుని మీద నుంచి గాలిని పక్కలకు మళ్లించేటట్లు తీర్చబడింది. కనుక గంటల తరబడి పోయినా గాలి తాకిడికి ఒడలు అలసిపోదు. ఇంజను నిమిషానికి 7000 సార్లు తిరిగేటప్పుడు 150 న్యూటన్ మీటర్ల బలభ్రామకాన్ని ఇస్తుంది. గేరు మార్చకుండానే లారీని దాటిపోవచ్చు. బండి పొడవుగా, నేలకు దగ్గరగా ఉండటం వల్ల నిలకడ ఎక్కువ. దూర ప్రయాణానికి ఇవన్నీ నిజమైన సుగుణాలు.

ఇక వేగం మాట. గాలి నిరోధం వేగ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దానిని జయించటానికి కావలసిన సామర్థ్యం వేగ ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 300 కిలోమీటర్ల వేగానికి చక్రం వద్ద 160 అశ్వసామర్థ్యాలు కావాలనుకుందాం. 80 కిలోమీటర్ల వేగానికి ఎంత కావాలి? 300ని 80తో భాగిస్తే 3.75, దాని ఘనం సుమారు 53. 160ని 53తో భాగిస్తే వచ్చేది 3 మాత్రమే! టైర్ల ఘర్షణను కలిపినా ఐదారుకు మించదు. నాలుగు వరుసల రహదారిపై మోటారు సైకిలుకు కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగం 80 కిలోమీటర్లే. చెన్నైలో తయారై 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ సామర్థ్యం 47. ఈ హద్దుకు లోబడి బయలుదేరితే రెండు బండ్లూ ఒకే సమయానికి విశాఖ చేరుతాయి.

మా విద్యార్థి ఇంధనాన్నీ మరచాడు. 160 అశ్వసామర్థ్యాలంటే సుమారు 120 కిలోవాట్లు. ఇంజను దక్షత నూటికి 30 అనుకుంటే, పెట్రోలు నుంచి 400 కిలోవాట్లు రావాలి. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఆ లెక్కన 20 లీటర్ల ట్యాంకు 27 నిమిషాలలో, 133 కిలోమీటర్లలో, ఖాళీ అవుతుంది. బండి రాజమహేంద్రవరం చేరకముందే ఆగిపోతుంది! మామూలుగా నడిపితే అదే ట్యాంకుతో సుమారు 300 కిలోమీటర్లు పోవచ్చు.

అన్నిటికన్న ముఖ్యమైనది ఆగటం. ప్రమాదాన్ని చూచి బ్రేకు నొక్కటానికి ఒక సెకను పడుతుందనీ, పొడి రోడ్డుపై బ్రేకు సెకను సెకనుకూ 7 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గిస్తుందనీ అనుకుందాం. 80 కిలోమీటర్ల వేగంలో ఆగటానికి పట్టే దూరం 57 మీటర్లు. 200లో 276, 300లో 580. ప్రకాశం బ్యారేజి పొడవు సుమారు 1200 మీటర్లు. దానిలో దాదాపు సగం దూరం పోతేగాని ఆ బండి ఆగదు.

మన డెల్టాలో రహదారి దిగి కాలువ గట్టు పడితే చిక్కు మరింత పెద్దది. 50 మీటర్ల వ్యాసార్థం గల మలుపును 60 కిలోమీటర్ల వేగంతో తిరగటానికి 0.57 ఘర్షణ గుణకం కావాలి. 100 కిలోమీటర్లయితే 1.57 కావాలి. మంచి టైరుకు పొడి రోడ్డు ఇచ్చేది సుమారు 1. సార్వా, దాళ్వా నూర్పిళ్ల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. టైరు కింద ఒక్కొక్క గింజా దొర్లే గుండు వంటిది. అక్కడ 60 కూడా ప్రమాదమే. చక్రం జారకుండా కాచే ఎలక్ట్రానిక్ సాధనాలు కొత్త హయబుసాలో ఉన్నమాట నిజమే. ఉన్న ఘర్షణను అవి పొదుపుగా వాడగలవు. లేని ఘర్షణను పుట్టించలేవు.

ఈ యంత్రాన్ని నిర్మించిన వారి నైపుణ్యం గొప్పది. కాని బజారు రోడ్ల మీద తిరగవలసిన బండికి పందెపు మైదానంలో తప్ప పనికిరాని వేగాన్ని ప్రధాన గుణంగా చాటటం దోషమని నా అభిప్రాయం. హయబుసా అంటే జపాను భాషలో బైరి డేగ. ఆ పక్షి గంటకు 300 కిలోమీటర్లు దాటేది ఖాళీ ఆకాశంలో, వేటకై కిందికి దూకే కొద్ది క్షణాలు మాత్రమే. తక్కిన వేళల్లో 100 లోపే ఎగురుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పై లెక్కను నల్లబల్ల మీదనే విడిచిపెట్టకండి. పిల్లలను ఆటస్థలానికి తీసుకొనిపోయి, 60 కిలోమీటర్ల వేగానికి 37 మీటర్లు, 80కి 57 మీటర్లు టేపుతో కొలిచి సున్నపు గీతలు గీయించండి. తరువాత 300కు 580 మీటర్లు కొలవమనండి. చాలా బడులలో ఆ గీత ప్రహరీ గోడ దాటి, వీధి దాటి, ఎవరి వాకిట్లోనో పడుతుంది. అది ఎవరి వాకిలో పిల్లలనే చూచి రానివ్వండి.