దాణా పెట్టే చెయ్యి
మలక్‌పేట రేసుకోర్సులో గెలిచిన గుర్రం మెడ నిమిరి ఫొటో దిగేవాళ్లు చాలామంది. తెల్లవారకముందే దానికి దాణా పెట్టిన సైసును పలకరించేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఆ పనితనమంటే మహా గౌరవం.

గుర్రం ఒళ్లు పెద్దది, పొట్ట చిన్నది. పైగా తిన్నది కక్కలేదు. ఒక్కసారే దండిగా పెడితే కడుపునొప్పి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే కొంచెం కొంచెంగా, వేళ తప్పకుండా పెట్టాలి. 500 కిలోల గుర్రానికి రోజుకు ఎండు లెక్కన దాదాపు 10 కిలోల మేత కావాలి. అందులో కనీసం సగం గడ్డే ఉండాలి.

చెయ్యి తిరిగిన సైసు గడ్డిని దులిపి వాసన చూస్తాడు. బూజు తగిలిందా, ఆ మోపు అవతలికే. ఉలవ గుగ్గిళ్లను రెండు వేళ్ల మధ్య నలిపి, మెత్తబడ్డాయని తేలాకే తొట్టిలో పోస్తాడు. దాణా మార్చాలంటే వారం పది రోజులు పాతదాంట్లో కొత్తది కలుపుతూ వస్తాడు. ఆ ఓపిక ఎంత విలువైనదో!

పొద్దున్నే తొట్టి అడుగు తడిమి చూస్తాడు, తర్వాత లద్దె. అనుమానమొస్తే డొక్కకు చెవి ఆనిస్తాడు. పేగుల గురగుర వినపడకపోతే వెంటనే డాక్టరుకు కబురు.