తాడు అడుగుతున్న ప్రశ్న

చీకట్లో తాడును చూసి పామనుకుని బెదిరిన మనిషి కథ అందరికీ తెలుసు. మాయ అంటే ఏమిటో చెప్పడానికి అద్వైతులు పదే పదే వాడిన దృష్టాంతం ఇది. దీపం తెస్తే పాము పోతుంది, తాడు మిగులుతుంది. కథ సుఖాంతం. మరి దీపం వచ్చేలోపల కర్ర దెబ్బలు తిన్న తాడు మాటేమిటి? తత్వచర్చంతా చూసేవాడి భయం చుట్టూనే తిరిగింది. తాడునెవరూ అడగలేదు. మేం తాడు వైపు నుంచి మాట్లాడుతున్నాం.

భ్రమ గురించి ఇస్లామీ తత్వవేత్తలూ తక్కువేం చెప్పలేదు. 1111లో కన్నుమూసిన ఇమాం గజాలీ కళ్లనే అనుమానించాడు. నిలకడగా కనిపించే నీడ కదులుతూనే ఉంటుంది. దీనారంత కనిపించే నక్షత్రం భూమికన్నా పెద్దది. కలగన్నంతసేపూ కల నిజమే. మరి మెలకువకు హామీ ఏమిటన్నాడు. అద్వైతం సత్యాన్ని మూడు మెట్లు చేసింది: పారమార్థికం, వ్యావహారికం, ప్రాతిభాసికం. తాడులో పాము మూడో మెట్టుది. ఆకలి, అద్దె, ఉద్యోగం రెండో మెట్టువి. జగత్తు మిథ్య అన్నంత మాత్రాన రెండో మెట్టు రద్దు కాదని వాళ్లే ఒప్పుకున్నారు. మా పేచీ ఇక్కడే. మూడో మెట్టు పాము రెండో మెట్టు మీదికొచ్చి మమ్మల్ని కాటేస్తోంది.

నాచారంలో ఎన్టీఆర్ నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో సంగతి చూడండి. సినిమా సెట్టు ముందు నుంచి కోట, వెనక నుంచి ప్లైవుడ్డు, కర్రలు. కోట నకిలీ అని ప్రేక్షకుడికి తెలుసు. దాని ముందు నిలబెట్టిన సాయిబు మాత్రం అసలనుకుంటాడు! ఆ స్టూడియో పేరు మీదే వచ్చిన 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' (1984)లో దూదేకుల సిద్దయ్య ఉన్నాడు. జ్ఞానం వెతుక్కుంటూ వెళ్లినవాడు. ఆ గౌరవాన్ని కాదనం. కానీ తెలుగు తెర మీద మాకు దక్కిన చోట్లెన్ని? గురువు దగ్గర శిష్యుడు, హీరో కోసం ప్రాణమిచ్చే నేస్తం, వచ్చీరాని తెలుగుతో నవ్వించేవాడు, లేదంటే బాంబు పెట్టేవాడు. నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, బిడ్డను ఉర్దూలో ముద్దుచేసి, తెలుగు పేపరు చదువుకునే సాయిబు ఏడి?

పుట్టుకతోనే మీదపడే అనుమానాన్ని ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లోనే నిలదీసింది. ఆ మచ్చ ఇంకా చెరగలేదు. ఉప్పల్‌లో అద్దె ఇల్లడిగితే మా తెలుగు విని నవ్వుతూ తలుపు తీస్తారు. పేరు చెప్పగానే ఇల్లు ఇంకెవరికో ఇచ్చేసినట్టవుతుంది. టులెట్ బోర్డు మర్నాడూ వేలాడుతూనే ఉంటుంది. అదే ఉప్పల్ స్టేడియంలో సిరాజ్ బంతి అందుకుంటే జనం ఊగిపోతారు. ఆ చప్పట్లు అబద్ధం కాదు. కానీ హీరో గానో, విలన్ గానో తప్ప పక్కింటి మనిషిగా మేం కనబడం.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పట్టుకుపోయిన ముస్లిం యువకులు పలువురు కోర్టుల్లో నిర్దోషులుగా తేలారు. దీపం వచ్చింది. జైల్లో గడిచిన రోజులు తిరిగి రాలేదు.

తాను పామును కాదని తాడు ఎట్లా రుజువు చేసుకుంటుంది? ఆ భారం తాడు మీద వేయడమే అసలు మాయ. దీపం వెలిగించాల్సింది కర్ర పట్టుకున్నవాడు. అదీ కర్ర ఎత్తకముందే.