ముప్పయ్యింట ఒకటి

ఆంధ్రతీరపు పాత రేవు మోటుపల్లిలో, వీరభద్రాలయం దగ్గరి స్తంభశాసనం ముందుగా కాకతీయుల వంశాన్ని పొగుడుతుంది. చాలామంది అక్కడే విసిగి వదిలేస్తారు. అసలు పనితనమంతా ఆ తర్వాతే. చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు ఏలిన ఈ తీరం పదమూడో శతాబ్దం మొదట్లో కాకతీయ రాజు గణపతిదేవుడి చేతికొచ్చింది. శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, సముద్రవ్యాపారులకు ఆయన ఇచ్చిన అభయమిది.

రాయసం పట్టినవాడెవరో గట్టివాడు. అభయం మొదట్లోనే రాజుల గుట్టు విప్పేశాడు: తుపానుకు చిక్కి ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏవైనా సరే, పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. తోటి రాజుల దోపిడీని రాజశాసనంలోనే చెక్కించడం చిన్న విషయం కాదు. ఆ వెంటనే, మేం అలా చెయ్యం, నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా మీకే వదిలేస్తున్నాం అంటాడు. కారణాలుగా దయ, కీర్తి, పుణ్యం చూపుతాడు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సంద్రం మీదికి బయల్దేరేవాళ్లు అంటూ వర్తకుల్ని మెచ్చుకుంటాడు. ఆ మెప్పులో కాస్త చురక కూడా ఉందని నా అనుమానం.

ఆ తర్వాత మాట లెక్కలోకి దిగుతుంది. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పయ్యింట ఒకటి. అక్కడితో సరిపెట్టక గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగుదంతం, పగడాలు, పట్టు, మిరియాలు, పోకలు అంటూ సరుకుల వారీగా రేట్లు కడుతుంది. నేను ఎక్కువగా ముచ్చటపడేది ఈ భాగానికే. అభయమివ్వడం ఏ రాజుకైనా సులువే. రేవులో తూకం పట్టే సుంకరి చేతిని కట్టెయ్యాలంటే మాత్రం ఇలాంటి జాబితా కావాలి.

అదే శతాబ్దంలో ఇంగ్లండులోనూ రాజుకూ వర్తకులకూ మధ్య ఇదే తగవు నడిచింది. వర్తకులకు భద్రమైన రాకపోకలు ఉండాలని 1215 నాటి మాగ్నా కార్టా రాజు చేత ఒప్పించింది. 1275లో మొదటి ఎడ్వర్డుకు ఉన్ని బస్తాకు అర మార్కు చొప్పున సుంకం కావలసి వస్తే, పార్లమెంటు పిలిచి వర్తకుల సమ్మతి మీద తీసుకున్నాడు. మనకూ వర్తక సమూహాలు లేకపోలేదు. స్వదేశి, పరదేశి, నానాదేశి పెక్కండ్రు అనే సంఘాలవాళ్లు కలిసి కూర్చుని తీర్మానాలు చేసుకునేవారు, గుళ్లకు తమ సరుకు మీద వంతులు రాసిచ్చేవారు. అయినా మోటుపల్లి రాతి మీద వాళ్ల సమ్మతి ఊసు లేదు. రాజొక్కడే మాట్లాడతాడు. అడిగి పుచ్చుకోవడానికీ దయతో వదిలెయ్యడానికీ తేడా ఇక్కడే ఉంది. శాసనకర్త నేర్పు ఎంతటిదైనా, ఈ లోటు పూడ్చడం అతని చేతిలో లేదు.

అందుకే మాట మళ్లీ మళ్లీ ఇవ్వాల్సొచ్చింది. కాకపోతే మాగ్నా కార్టా పనీ అంతే. 1216, 1217, 1225, 1297లలో దాన్ని మళ్లీ మళ్లీ ప్రకటించారు. కాకతీయులు పోయాక 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి ఇదే మోటుపల్లిలో కొత్త శాసనం వేయించాడు. వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి ఇస్తాం, వెళ్తామంటే ఆపం, సరుకు ఇష్టమైనవాళ్లకు అమ్ముకోవచ్చు, కొడుకుల్లేక చనిపోయినవాడి సొత్తు పట్టుకోం అన్నాడు. ఈసారి సంస్కృతం, తెలుగుతోపాటు తమిళంలో కూడా చెక్కించారు, దక్షిణాది వర్తకులు సైతం చదువుకోవచ్చని.