డ్రిబ్లింగ్ లేని ఫుట్‌బాల్

హైదరాబాద్ కుర్రాళ్ల కోసం సయ్యద్ అబ్దుల్ రహీం పెట్టిన పోటీల్లో ఒకదానికి వింత షరతు ఉండేది: డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందిందా, వెంటనే పక్కవాడికి పంపాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం వాడైతే ఎడమకాలే గతి. పొట్టి పిల్లలకైతే పోటీలే వేరు. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. ఈ షరతుల్లో బడి వాసన కొట్టడంలో ఆశ్చర్యమేముంది!

మొదటి షరతును కాస్త దగ్గరగా చూద్దాం. వింగ్‌లో ఉన్నవాడికి బంతి వచ్చింది. ఎదురుగా డిఫెండర్. వాణ్ణి బోల్తా కొట్టించి దూసుకుపోవాలని కాలు ఉబలాటపడుతుంది. గ్యాలరీలో ఈలలు పడేదీ దానికే. అది కుదరదన్నాక, బంతి రాకముందే మెడ తిప్పి మనవాళ్లెవరు ఎక్కడున్నారో చూసిపెట్టుకోవాలి. చూస్తే సరా? అందుకునేవాడు ఖాళీ జాగాలోకి పరిగెత్తి ఉండాలి కదా! షరతు బంతి ఉన్నవాడికి పెట్టినట్టే ఉంటుంది గానీ, పాఠం నేర్చుకునేది బంతి లేని మిగతావాళ్లు. నాకు ఇందులో బాగా నచ్చే కిటుకు ఇదే.

ఈ ఆటకు పేరు తెచ్చింది రహీం శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. అంతకుముందు దాని పేరు సిటీ అఫ్గాన్స్. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. 1950లోనే డ్యూరండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌తో 2-2తో సమంగా నిలిచి, మళ్లీ ఆడిన మ్యాచ్‌లో 1-0తో గెలిచింది. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్లు ఇక్కణ్నుంచే భారత జట్టుకు వెళ్లారు. రహీం శిక్షణలోనే ఆ భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో కొండలా నిలబడే మనిషి. రహీం ఆయన్ను పక్కన కూర్చోబెట్టలేదు, ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఫైనల్లో ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. వాటం లేని కాలితో ఆడించిన పంతులుకు, వాటం లేని చోట ఆడించడం ఏపాటి!

మరుసటి ఏడాది జూన్‌లో రహీం పోయాడు. ఆయనతోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ పోయిందని పాతతరం వాళ్లు అంటుంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఆయన ఉండగానే కలకత్తా క్లబ్బులు ఇక్కడి మంచి ఆటగాళ్లను లాక్కెళ్లడం మొదలైంది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయి అక్కడే పేరు మోశాడు. పోలీసు జట్టు ఉద్యోగం ఇవ్వగలిగేది. కలకత్తాలో లీగ్ ఉండేది, వేలకొద్దీ జనం ఉండేవారు, పైగా డబ్బుండేది. అంతమంది వెళ్లిపోతున్నా 1961లో ఆంధ్ర పోలీస్ పేరుతో ఇదే జట్టు డ్యూరండ్ కప్ మళ్లీ గెలిచింది, అదీ మోహన్ బగాన్ మీదే.